ఇరవై రూపాయల ఎంట్రీ: ఒక బీమా క్లెయిమ్ కోసం 157 రోజులు (నా అనుభవం)

2025 ఆగస్టు 13, బుధవారం. గ్రంథాలయం వరండాలో ఎప్పటిలాగే బల్ల వేసుకుని కూర్చున్నాను. 2019లో బ్యాంకు మేనేజరుగా రిటైరైన దగ్గర్నుంచీ సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నేను ఉండేది అక్కడే. పాస్‌బుక్కులు చూసి చెప్పడం, ఫారాలు నింపడం, అర్జీలు రాసిపెట్టడం నా పని. దానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. మాది దివిసీమలో చిన్న టౌను. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు పనిమీద వచ్చి, బస్సు దొరికేలోపు నా దగ్గర ఆగుతారు.

ఆ రోజు ఒకామె తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ముందురోజే భర్త పెద్దకర్మ అయిందట. సంచిలోంచి పాస్‌బుక్ తీసి, "మేనేజరు గారండీ, ఆయన ఖాతాలో పదమూడొందలు ఉన్నాయంట. తీసుకోవడానికి కాయితం రాసిపెట్టండి" అంది. ఆమెకు ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. భర్త కౌలు రైతు. ఆగస్టు 2 సాయంత్రం చేలో మడవ కట్టడానికి వెళ్తే గట్టు మీద పాము కరిచింది. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో ఇంజెక్షన్లు చేసి బందరు తీసుకెళ్ళమన్నారు. కారు మాట్లాడుకుని బయల్దేరితే సగం దారిలోనే ప్రాణం పోయింది. అటునుంచి అటే ఇంటికి తీసుకొచ్చేశారు.

నాట్ల రోజుల్లో మా దగ్గర ఇలాంటి చావులు కొత్త కాదు. ఆమె చెబుతూ ఉంటే నా చెయ్యి పాస్‌బుక్ పేజీలు తిప్పుతోంది. 2024 మేలో రెండు ఎంట్రీలు కనిపించాయి. ఒకటి 20 రూపాయలు, రెండోది 436. అంతకుముందు ఏడాది కూడా అవే. ఇరవై అంటే ప్రమాద బీమా, సురక్షా బీమా యోజన. 436 అంటే జీవన్ జ్యోతి, ఏ కారణంతో పోయినా వచ్చేది. ఒక్కోదానికి రెండేసి లక్షలు. "ఇవేంటో మీకు తెలుసా అమ్మా?" అని అడిగాను. "ఏటా ఏవో పట్టుకుంటారండీ" అంది.

అక్కడ నేనొక తప్పు చేశాను. ఆ పాస్‌బుక్‌లో ఆఖరి ప్రింటు 2024 జూన్‌ది. ఆ తర్వాత ఏం జరిగిందో చూడకుండానే, "నాలుగు లక్షల దాకా రావచ్చు" అని ఆమె తమ్ముడితో అనేశాను. ఆ మాట వినగానే ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు, 14న, పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెళ్ళాం. చావు జరిగిన 21 రోజుల్లోపు నమోదు చేయించుకుంటే ఏ గొడవా ఉండదు. దారిలో బండిలో పోయాడు కదా, ఎక్కడ నమోదు చేయించాలన్నది నా అనుమానం. కదిలే బండిలో పోతే, ఆ తర్వాత బండి మొదట ఎక్కడ ఆగిందో అక్కడే నమోదు చేస్తారని కార్యదర్శి చెప్పాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఆ సంగతి తెలియదు. బండి నేరుగా వాళ్ళ ఊరికే వచ్చింది కాబట్టి అక్కడే రాశారు. 21న సర్టిఫికెట్ చేతికొచ్చింది. మూడు కాపీలు తీసుకున్నాం.

18, సోమవారం, బ్యాంకుకు వెళ్ళాం. నేను పనిచేసిన బ్యాంకు కాదది. పాస్‌బుక్ ప్రింటు వేసి ఇచ్చారు. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. 2025 మే 27, 20 రూపాయలు డెబిట్. దాని కింద 436 లేదు. ఆ రోజు ఖాతాలో మిగిలింది 212 రూపాయలు. డబ్బు చాలక జీవన్ జ్యోతి ఆగిపోయింది. జూన్ 9న ఎవరో మూడు వేలు వేశారు. అప్పుడైనా ఎవరో ఒకరు చెప్పి ఉంటే మళ్ళీ చేరేవాడు. ప్రమాదంతో పోయాడు కాబట్టి కొత్తగా చేరినవాళ్ళకుండే ముప్పై రోజుల నిబంధన కూడా అడ్డురాదు. కౌంటరు దగ్గర ఆమె నా మొహంలోకి చూస్తోంది. రెండు లక్షలు తగ్గాయని ఎలా చెప్పాలో తెలియక బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. "పోనీలెండి, లేనిది లేనట్టే" అంది. ఆమె నెమ్మదిగా ఉంది, నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. జన్‌ధన్ ఖాతాతో ఇచ్చే రూపే కార్డుకు ప్రమాద బీమా ఉంటుంది. 2018 ఆగస్టు 28కి ముందు తెరిచిన ఖాతాలకు లక్ష, ఆ తర్వాతవాటికి రెండు లక్షలు. కార్డు ఎక్కడుందమ్మా అని అడిగితే, బియ్యం డబ్బాలో దాచానంటూ మర్నాడు తెచ్చింది. బ్యాంకు వాళ్ళు ఇచ్చిన కవరు అంచు కూడా చింపలేదు. పిన్ నంబరు కాగితం ఎలా వచ్చిందో అలాగే ఉంది. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డుతో ఒక్క లావాదేవీ అయినా జరిగి ఉండాలి. ఆయన ఎప్పుడూ బ్యాంకు తరఫున డబ్బిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి తీసుకునేవాడు. పోతుందేమోనని భద్రంగా దాచడం వల్ల ఆ లక్షా లేదు. ఆ కవరును ఆమె మళ్ళీ జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంటుంటే నేను చూడలేకపోయాను.

ఇక ఇరవై రూపాయల పాలసీ ఒక్కటే మిగిలింది. క్లెయిములు చూసే అబ్బాయి వయసులో చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. "సార్, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు లేకుండా కుదరదు. మా చెక్‌లిస్టులో ఉంది" అన్నాడు. పోస్టుమార్టం చేయించలేదు. చేయించాలని ఆ రాత్రి ఎవరికి తడుతుంది? రోడ్డు ప్రమాదం, నీళ్ళలో మునగడం, నేరాలు ఇలాంటివాటికి పోలీసులకు చెప్పి ఉండాలి. పాము కాటు, చెట్టు మీంచి పడటం లాంటివాటికి మాత్రం వెంటనే ఆసుపత్రిలో రాసిన కాగితం ఉంటే సరిపోతుందని పథకం నిబంధనల్లోనే ఉంది. జనసురక్ష వెబ్‌సైటులో ఆ నిబంధనలున్నాయి. ప్రింటు తీసి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి 20న మళ్ళీ వెళ్ళాను.

అయితే ఆ ఆసుపత్రి కాగితం ఏది? ఇంట్లో వెతికారు, లేదు. ఆ రాత్రి వేసుకున్న బట్టలు కాలవలో వదిలేశారు, వాటితోపాటే పోయిందనుకున్నారు. ఆమె తమ్ముడు బ్యాంకు బయట నిలబడి సెల్‌ఫోను కవరు ఊడదీసి సిమ్ సర్దుకుంటుంటే లోపల్నుంచి నాలుగు మడతల కాగితం జారింది. ఆ రోజు కారులో బావ తల ఒళ్ళో పెట్టుకుని, డాక్టరిచ్చిన చీటీ ఫోను కవరులో దోపుకున్నాడు. ఆ తర్వాత దాని ఊసే మర్చిపోయాడు. చెమటకు ఇంకు అలుక్కుపోయి, మడతల దగ్గర చిరుగు పట్టింది. కానీ తారీఖు, టైము 7.10, పాము కాటు అని ఇంగ్లీషులో, ఎక్కించిన మందు, బందరు పంపిస్తున్నట్టు డాక్టరు సంతకం, అన్నీ చదవొచ్చు. పద్దెనిమిది రోజులు ఆ కుర్రాడి జేబులోనే ఉంది. కాగితం చేతిలో పట్టుకుని "బాబాయ్‌గారూ, ఇది పనికొస్తుందా?" అని అతను అడిగిన గొంతు నేను మర్చిపోలేను. అక్కడికక్కడే అయిదు జిరాక్సులు తీయించాను.

బ్రాంచి మేనేజరు నిబంధన చదివి ఒప్పుకున్నారు. తర్వాత కంప్యూటర్లో చూసి ఇంకో మాట చెప్పారు. నామినీగా ఉన్నది భార్య కాదు, అతని తల్లి. ఆ తల్లి 2021 మేలో కరోనాలో పోయింది.

ఇది విన్నప్పుడు నాకు నా సర్వీసే గుర్తొచ్చింది. 2015 మే 9న ఈ పథకాలు మొదలైనప్పుడు నేనూ క్యాంపులు పెట్టాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఫారాలు. నామినీ ఎవరని అడిగితే చాలామంది పక్కనున్నవాళ్ళ పేరో, అమ్మ పేరో చెప్పేవాళ్ళు. రాసుకుని, ముద్ర వేసి, తర్వాతి మనిషిని పిలిచేవాళ్ళం. పెళ్ళయ్యాక, పెద్దవాళ్ళు పోయాక ఇది మార్పించుకోండి అని నేను ఎంతమందికి చెప్పాను? చెప్పినవాళ్ళ కంటే చెప్పనివాళ్ళే ఎక్కువ. ఈ ఖాతా నేను తెరిచింది కాకపోవచ్చు, నేను తెరిచినవి ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. కౌంటరుకు ఇవతలి వైపు నిలబడి నెలల తరబడి తిరిగాకే అది నాకు నిజంగా అర్థమైంది.

నామినీ లేకపోతే వారసులు క్లెయిమ్ చెయ్యాలి. అందుకు రెండు కాగితాలు కావాలి. ఒకటి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. రెండోది నామినీ, అంటే ఆ తల్లి, పోయినట్టు మరణ ధ్రువపత్రం. క్లెయిమ్ ఫారం మాత్రం ప్రమాదం జరిగిన ముప్పై రోజుల్లోపు ఇస్తే మంచిది. అందుకని మిగతావి రావాల్సి ఉందని లెటరు రాసి, ఉన్నవాటితో ఆగస్టు 22నే ఇచ్చేశాం. మా కాపీ మీద తారీఖుతో ముద్ర, సంతకం వేయించుకున్నాను. "మీకు ఎందుకు సార్, మేం చూసుకుంటాం" అన్నారు. వేయించుకునేదాకా కదల్లేదు. డిసెంబరులో ఆ ముద్రే మమ్మల్ని కాపాడింది, చెబుతాను.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి ఆగస్టు 25న సచివాలయంలో అర్జీ పెట్టాం. వీఆర్వో ఇంటికొచ్చి ఇరుగుపొరుగుల దగ్గర స్టేట్‌మెంట్లు తీసుకున్నాడు. సెప్టెంబరు 26న వచ్చింది, నెల పట్టింది. ఇదేమంత కష్టం కాలేదు.

తల్లి సర్టిఫికెట్ దగ్గరే ప్రాణం విసిగింది. కరోనా రోజుల్లో ఇంట్లోనే పోయింది, ఎవరూ నమోదు చేయించలేదు. ఏడాది దాటిన మరణానికి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ముందు పంచాయతీ రికార్డులో ఆ పేరు లేదని ఒక పత్రం, తర్వాత నోటరీ అఫిడవిట్, ఇద్దరు సాక్షులు, ఆధార్, రేషన్ కార్డు. సెప్టెంబరు 3న మొదలుపెట్టాం. మధ్యలో దసరా, దీపావళి. బందరుకు నాలుగుసార్లు వెళ్ళాం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఆమెకు టికెట్ ఖర్చు లేకుండా పోయింది. ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకున్న ప్రతిసారీ దాన్ని కూడా మడిచి పాస్‌బుక్‌లో పెట్టుకునేది. ఎందుకమ్మా అంటే, "ఏ కాయితం ఎప్పుడు పనికొస్తుందో తెలియట్లేదు కదండీ" అంది.

అక్టోబరు చివరి వారంలో పని అయిపోతుందనుకున్నాం. 28న మొంథా తుపాను వచ్చింది. కోతకు దగ్గర పడిన వరి నేలకొరిగింది. రెవెన్యూ వాళ్ళందరూ పంట నష్టం రాసుకోవడంలో పడ్డారు. వాళ్ళను తప్పుపట్టను. ఆమె పొలంలో కూడా చేను పడిపోయింది. భర్త వేసిన చేను కదా, ఆయన పోయాక తమ్ముడూ తానూ కలిసి కలుపు తీసి, ఎరువు వేసి అక్కడిదాకా తెచ్చారు. ఆ రెండు వారాలు ఆమె రాలేదు. నేను కూడా ఫోను చెయ్యలేకపోయాను.

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. మనుషులతోపాటు ఇళ్ళల్లోని కాగితాలూ కొట్టుకుపోయాయి. ఫలానావాడు ఉండేవాడు, ఇక్కడే ఉండేవాడు అని చెప్పడానికి కాగితం లేక నోటిమాటలు చెప్పుకుంటూ నిలబడ్డ జనాన్ని అప్పుడు చూశాను. బ్యాంకులో చేరాక ఎవరి అర్జీ రాసినా ఆ లైన్లే గుర్తొచ్చేవి. ఈ వయసులో కూడా వరండాలో బల్ల వేసుకోవడానికి అదే కారణమని మా ఆవిడ అంటుంది.

నవంబరు 17న ఆర్డీవో ఉత్తర్వు వచ్చింది. 20న పంచాయతీలో తల్లి సర్టిఫికెట్ ఇచ్చారు. 21, శుక్రవారం, మొత్తం కాగితాలు బ్యాంకులో ఇచ్చాం. ఇంకో పదిహేను రోజులు అనుకున్నాను.

డిసెంబరు 9న బీమా కంపెనీ నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒకటి, ఆధార్‌లో అతని ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్‌లో పొడి అక్షరం ఉంది, ఇద్దరూ ఒకరేనా? ఇంకో అఫిడవిట్‌తో అది తీరింది. రెండోది, ఆగస్టులో జరిగినదానికి నవంబరులో ఎందుకు క్లెయిమ్ చేశారు? బ్యాంకు వాళ్ళు మా ఆగస్టు ఫారం తారీఖు పంపించలేదు, నవంబరులో ఇచ్చిన తారీఖే వేసి పంపారు. ఆగస్టు 22 ముద్ర ఉన్న మా కాపీ తీసి బల్ల మీద పెట్టాను. ఎవరూ మారు మాట్లాడలేదు. 12న జవాబు వెళ్ళింది.

ఈ మధ్యలోనే ఒక మనిషి ఆమె ఇంటికి వెళ్ళాడట. ఇరవై వేలు ఇస్తే పదిరోజుల్లో డబ్బు పడేలా చూస్తానన్నాడు. ఆమె నన్ను అడగడానికి మొహమాటపడి వారం రోజులు దాచిపెట్టింది. తర్వాత చెప్పి, "మీరు తిరుగుతున్నారు కదా, మీ కాళ్ళు నొప్పులంటున్నారు, ఇచ్చేద్దామా అనిపించిందండీ" అంది. నాకు కోపం రాలేదు, బాధేసింది. ఈ క్లెయిమ్‌కు బ్యాంకులో గానీ కంపెనీలో గానీ కట్టాల్సిన ఫీజు ఒక్క రూపాయి లేదు. మాకు అయిన ఖర్చంతా రాసి పెట్టాను. నోటరీ అఫిడవిట్లు రెండు, జిరాక్సులు, అర్జీల రుసుము, ఆటోలు, నా బస్సు టికెట్లు కలిపి 2,310 రూపాయలు. వీటికి తోడు ఆమె పోగొట్టుకున్న కూలి రోజులు పదకొండు. అందులో అయిదు కోతల రోజులు. ఆ నష్టం ఏ లెక్కల్లోనూ ఉండదు.

జనవరి 6, మంగళవారం. గ్రంథాలయం రోజు కాదు, ఇంట్లో ఉన్నాను. సాయంత్రం నాలుగున్నరకు ఫోను. ఆమె పెద్దకూతురు, తొమ్మిదో తరగతి. "తాతయ్యగారూ, అమ్మ ఫోనుకు మెసేజి వచ్చింది, చదవనా?" అని అంకెలు ఒక్కొక్కటే చదివింది. రెండు, సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా. మళ్ళీ ఒకసారి చదవమన్నాను. పాము కరిచిన రోజు నుంచి లెక్కేస్తే 157 రోజులు.

ఆ డబ్బులో లక్షా పదివేలు ఎరువుల కొట్టుకూ, చేబదుళ్ళకూ పోయాయి. మిగిలిన తొంభై వేలు పిల్లలిద్దరి పేర్లమీదా సగం సగం డిపాజిట్ వేయించింది. రెండు లక్షలు ఏ మూలకూ రాలేదని బంధువులు అన్నారట. నిజమే. నాలుగు వచ్చి ఉండేవి, లేదా అయిదు. అది నాకిప్పటికీ ముల్లులాగే ఉంది.

ఇప్పుడు వరండాకు ఎవరొచ్చినా, ఏ పనిమీద వచ్చినా, ముందు పాస్‌బుక్ ప్రింటు వేయించుకు రమ్మంటున్నాను. నామినీ ఎవరో చూస్తున్నాను. రూపే కార్డు కవరులో ఉంటే చింపించి ఏటీఎం దగ్గరకు తీసుకెళ్ళి వంద రూపాయలైనా తీయిస్తున్నాను. డెబిట్లు ఏటా మే 25, 31 తారీఖుల మధ్య జరుగుతాయి. రెండింటికీ కలిపి ఆ వారంలో ఖాతాలో 456 రూపాయలు ఉండాలి. నా డైరీలో ఇప్పటికి 140 మంది ఫోను నంబర్లు రాసుకున్నాను. మే 20 నుంచి రోజుకు ఇరవై మంది చొప్పున ఫోను చేస్తాను.

జనవరి 12, సోమవారం, ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి తన పాస్‌బుక్ తెచ్చింది. "నన్ను కూడా ఆ రెండింట్లోనూ చేర్చండి" అంది. జనవరిలో చేరితే జీవన్ జ్యోతికి 436 అక్కర్లేదు, మే నెలాఖరు దాకా 228 చాలు. ప్రమాద బీమాకు మామూలుగానే ఇరవై. ఫారం నింపుతూ నామినీ దగ్గర ఆగాను. పెద్దపిల్ల పేరు చెప్పింది. పిల్ల మైనరు కాబట్టి, తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయాలన్నాను. తమ్ముడి పేరు చెప్పింది. చెప్పి, నేను రాసింది తనవైపు తిప్పించుకుని, డ్వాక్రా మీటింగుల్లో నేర్చుకున్న అక్షరాలతో రెండు పేర్లూ వేలు పెట్టి చదువుకుంది. చిన్నపిల్లకు పద్దెనిమిది నిండే ఏడాది ఎంతవుతుందని అడిగింది. 2034 అని చెప్పాను. "అప్పుడు మళ్ళీ మార్పించాలి కదండీ" అని ఆ అంకె పాస్‌బుక్ అట్ట వెనకాల రాయించుకుని, ఫారం మీద సంతకం పెట్టింది.